మూడూ మూడూ ఏడు

నిన్న పంటి నొప్పి తట్టుకోలేక లవంగం కొరికాను. ఘాటు ముక్కుకెక్కిందో లేదో, నోట్లోంచి "సారూ!" అన్న పిలుపు దానంతటదే ఊడిపడింది. వంటింట్లోంచి కోడలు తొంగిచూసి, "ఏ సారు అత్తమ్మా?" అంది. ఏ సారని చెప్పను దానికి? హుజూరాబాద్‌లో మా ఆడపిల్లల బడిలో లెక్కలు చెప్పిన ఖాదర్ సారు. తరగతిలోకి ఆయన కన్నా ముందు ఆయన బుగ్గన పెట్టుకున్న లవంగం వాసన వచ్చేది. వెనకాలే మోచేతుల దాకా సుద్దపొడి అంటిన నల్ల షేర్వానీ, ఆ వెనకాల ఎవరి మీదో ఒకరి మీద కోపం. కోపమొస్తే సుద్దముక్క విసిరేవారు. ఒక్కటంటే ఒక్కటీ ఎవరికీ తగల్లేదు. సారుకు గురి లేదని మేం వెక్కిరించుకునేవాళ్లం. తగలకుండా విసరడానికే గురి చూసేవారని అప్పుడు మా బుర్రలకు తట్టలేదు.

నిజాం పాలన పోయి కొన్నేళ్లయింది. మా జిల్లాలో బడులు ఉర్దూలోంచి తెలుగులోకి మారుతున్నాయి. పుస్తకాలు ఒక్క వేసవిలో మారిపోయాయి గానీ మనుషులు అంత తొందరగా మారతారా? ఖాదర్ సారు పుట్టి పెరిగింది హుజూరాబాద్‌లోనే. తెలుగులో తిట్టగలరు, బుజ్జగించగలరు, అంగట్లో బెండకాయలు బేరమాడగలరు. లెక్క మాత్రం ఆయనకు ఉర్దూలోనే వచ్చేది. మా బాపు కూడా అంతే, తెలుగులో మాట్లాడుతూ మాట్లాడుతూ లెక్క దగ్గరికి రాగానే "తీన్ పాంచే పంద్రా" అనేవాడు. ఎక్కాలు ఏ భాషలో వల్లె వేశామో చచ్చేదాకా ఆ భాషలోనే వస్తాయి. అలాంటి మనిషి చేతిలో "సంకలనము, వ్యవకలనము" అని మొదలయ్యే పుస్తకం పెట్టారు. "గీ మాటలు నమిలితె ఉన్న పండ్లు గూడ ఊడుతయ్ బిడ్డా" అనేవారు సారు. మేం పడిపడి నవ్వేవాళ్లం.

నిజానికి అది నవ్వే సంగతి కాదు. ఆ ఏడాది ఇన్‌స్పెక్టర్ వచ్చి పాఠం వింటారని, తెలుగులో చెప్పలేని వాళ్లను ఉర్దూ తరగతులున్న ఏ దూరపు బడికో పంపేస్తారని మా పెద్ద సారు చెప్పారు. ఖాదర్ సారు పోతే మాకు లెక్కలు చెప్పే దిక్కు లేదు. ఆడపిల్లకు చాకలి పద్దు రాయడం వస్తే చాలదా అనేవాళ్లు ఊరినిండా ఉన్నారు. మా ఇంట్లోనే ఒకావిడ ఉంది, బాపును కన్నతల్లి, మా బాపమ్మ. "ఆ తుర్కాయన పోతె పీడ వోతది, పోరి ఇంటి పట్టునుంటది" అని ఆశపడుతుండేది.

ఒకరోజు సారు పుస్తకాన్ని కిటికీలో పడేసి మమ్మల్ని బడి వాకిట్లోకి తోలుకెళ్లారు. ఇటుక పెళ్లతో నేల మీద తొక్కుడుబిళ్ల గీతల్లాంటివి గీశారు. ఐదు వరుసలు, వరుసకు ఐదు గడులు. గడికో పిల్లను నిలబెట్టారు. "మూడే మాటలు. పైది, పక్కది, కలుపు. గీ మూడు తెలుగు మాటలు నాకు మంచిగొస్తయ్. సాలవా?" అన్నారు. మొదటి అడ్డ వరుసలో వాళ్లూ, ఎడమ చివర నిలువు వరుసలో వాళ్లూ ఊరికే "ఒకటి" అనాలి. మిగతా వాళ్లు తమ ముందు నిలబడ్డ పిల్ల అంకెను, ఎడమ పక్క పిల్ల అంకెను అడిగి, రెండూ కలిపి గట్టిగా చెప్పాలి. నేను సరిగ్గా నట్టనడుమ ఉన్నాను. ముందున్న సత్తెమ్మ మూడంది, పక్కనున్న రాజేశ్వరి మూడంది, నేను "ఆరు!" అని అరిచాను. అలా ఒకరి నోటి నుంచి ఒకరికి పెరిగిపెరిగి చివరి మూలకు వచ్చేసరికి డెబ్బై అయింది. ఆ మూలనున్న పిల్ల డెబ్బై రూపాయలు దొరికినంత సంబరపడింది.

"ఎంతైందని నేనడిగిన్నా?" అని సుద్దముక్క విసిరారు సారు. "ఏం కనవడ్డదో గది చెప్పుండ్రి." రెండో వరుస ఒకటి, రెండు, మూడు అని నడుస్తోందని రాజేశ్వరి చెప్పింది. మూడో వరుస అడ్డంగా చదివినా, మూడో నిలువు వరుస కిందికి చదివినా ఒకటే వస్తోందని నేను చెప్పాను. అప్పటిదాకా లెక్కల గంటలో నోరు విప్పి ఎరగని సత్తెమ్మ తన గడిలోంచి బయటికొచ్చి, మూల నుంచి మూలకు ఏటవాలుగా పిల్లల్ని తాకుతూ కూడుకుంటూ పోయింది. "ఒకటి సారూ. తర్వాత రెండు. తర్వాత నాలుగు. గీ ఏటవాలుకు ఎనిమిది. ప్రతిసారి ఇంతకింత అయితున్నది!" సారు నెత్తిన చెయ్యి పెట్టుకుని బడి మెట్టు మీద కూలబడ్డారు. "వారెవ్వా, గింత తెలివి నోట్లె పెట్టుకొని మూగదాని లెక్క కూసున్నవానే ఇన్నొద్దులు!" అన్నారు. సత్తెమ్మ సిగ్గుతో చచ్చిపోయింది.

ఇంకొక సంగతి చెప్పాలి. తప్పు రాస్తే పలక మీద ఉమ్మి అరచేత్తో తుడిచేయడం మా అందరి అలవాటు. ఆయనకు అదంటే ఒళ్లుమంట. "తుడవకు! తప్పు వడ్డది, అచ్ఛా, పడనీ. అది యాడ పుట్టింది, యాడిదాక పోయింది, సూడకుండనే సంపుతవా దాన్ని?" అని తప్పు చుట్టూ సున్న చుట్టించి, పక్కన మళ్లీ చేయించేవారు. దానికి బదులు మేం ఆయనకు తెలుగు మాటలు నేర్పేవాళ్లం. మధ్యాహ్నం గంటలో నేను బెత్తం పట్టుకుని "సంకలనము చెప్పుండ్రి సారూ" అంటే, చేతులు కట్టుకుని నిలబడి బుద్ధిగా చెప్పేవారు. దసరా సెలవులు పోయేసరికి పుస్తకం మాటలన్నీ నోటికొచ్చేశాయి. ఇక మా సారును ఎవడూ కదిలించలేడని మాకు భలే ధీమా.

ఇన్‌స్పెక్టర్ వచ్చిన రోజు సారు బుగ్గన లవంగం లేదు. ఇన్‌స్పెక్టర్ కోస్తా వైపు మనిషి, నెమ్మదస్తుడు. వెనక బల్ల మీద కూర్చుని "కానివ్వండి మాస్టారూ" అన్నారు. సారు నల్లబల్ల మీద గడులు గీసి, మచ్చ లేని తెలుగులో మొదలుపెట్టారు. మాకు ఊపిరాడింది. ఒకట్లు నింపారు, రెండో వరుస నింపారు, మూడో వరుసలో నా గడికి వచ్చారు. "పైది మూడు, పక్కది మూడు, కలిపిన..." అని ఆగారు. లోపల ఉర్దూ ఆరు, "ఛే", వచ్చే ఉంటుంది. దానికి తెలుగు వెతుక్కున్న నాలుక పక్కనున్న మాటను పట్టుకుంది. "ఏడు" అన్నారు, ఏడే రాశారు. అదే ధాటిలో చివరిదాకా నింపుకుంటూ పోయారు. ఆఖరి మూలలో డెబ్బైకి బదులు డెబ్బై ఆరు వచ్చింది.

"మాస్టారూ," అన్నారు ఇన్‌స్పెక్టర్ మెల్లగా, "మూడూ మూడూ ఎంతండీ?"

సారు నల్లబల్ల వైపు తిరిగి చూసుకున్నారు. మెడ వెనక చెమట కారడం నాకు కనిపించింది. చెయ్యి చటుక్కున డస్టర్ మీదికి పోయింది. నాకేం పూనిందో తెలియదు, లేచి నిలబడి "తుడవకుండ్రి సారూ!" అని కేక పెట్టాను. తరగతంతా అందుకుంది, "తుడవకుండ్రి! తుడవకుండ్రి!" అని. సారు ఆగారు. మా వైపు చూశారు. డస్టర్ కింద పెట్టి ఏడు చుట్టూ సున్న చుట్టారు. పక్కన ఇంకో బొమ్మ గీసి సరిగ్గా నింపారు. "ఇప్పుడు చెప్పుండ్రి, ఏ గడిల ఎంత తప్పు వోయింది?" అని మూడో బొమ్మ గీశారు. మేం తీసివేసి చెబుతుంటే ఆయన రాస్తున్నారు. సున్న చుట్టిన గడి నుంచి ఒకటి, ఒకటి, ఒకటి. దాని కింద ఒకటి, రెండు, మూడు. ఆ కింద ఒకటి, మూడు, ఆరు.

అవి మేం వాకిట్లో నిలబడి అరిచిన అంకెలే. తప్పు కూడా పైదీ పక్కదీ కలుపుకుంటూ, అదే బొమ్మను మళ్లీ కట్టుకుంటూ పోయింది. ఈ సంగతి సారుకూ ముందు తెలియదు. ఆయన మొహం చూస్తేనే తెలిసింది. "అరే! అరే, యే దేఖో!" అని ఎగిరారు. "గల్తీ భీ ఉసీ ఖాయిదే సే చల్‌తీ హై!" ఇక ఆగలేదు. తప్పు కూడా లెక్క తప్పదని, దానికీ ఒక నడక ఉందని, చేతులు తిప్పుతూ, గడ్డానికి సుద్ద పూసుకుంటూ, గంట కొట్టేదాకా ఉర్దూలో వరద పారించారు. హుజూరాబాద్ పిల్లలం, మాకు ప్రతి ముక్కా అర్థమైంది.

ఇన్‌స్పెక్టర్ నల్లబల్ల దగ్గరికొచ్చి ఆ మూడు బొమ్మల్నీ చాలాసేపు చూశారు. "చాలా బాగుందండీ. నా సర్వీసులో ఇలాంటి పాఠం వినలేదు. కానీ మాస్టారూ... చెప్పిందంతా ఉర్దూలో చెప్పేశారే."

సారు అప్పుడు తెలివిలోకొచ్చారు. షేర్వానీ దులుపుకున్నారు. "నిజమే సార్. లెక్క వరకు తెలుగుల చెప్పిన. సంతోషం తెలుగుల రాలే" అన్నారు.

వేసవికి ముందే ఆర్డరు వచ్చింది, దూరాన బోథ్ వైపు ఉర్దూ తరగతులున్న ఒక బడికి. బస్టాండుకు మా తరగతంతా పోయింది. అందరూ ఏదో ఒకటి మాట్లాడారు, నేను మాత్రం వెనకే నిలబడ్డాను. బస్సు కదిలే ముందు కిటికీ పట్టుకుని ఏడుస్తూ అనేశాను, "నేను అరవకుంటె మీరు తుడిచి మల్ల రాస్తుంటిరి. ఈడ్నే ఉంటుంటిరి సారూ."

"ఉంటుంటినేమో," అన్నారు. "గని గా తప్పు నడక కనవడకపోతుండె గద బిడ్డా?"

రెండేళ్లు మాకు లెక్కల సారు లేడు. బాపమ్మ ముచ్చట మాత్రం తీరలేదు. సత్తెమ్మా నేనూ ఒకరికొకరం చెప్పుకుని గట్టెక్కాం. తర్వాత నేనూ లెక్కల టీచర్నే అయ్యాను, కరీంనగర్ చుట్టుపక్కల బడుల్లో రిటైరయ్యేదాకా పాఠాలు చెప్పాను. ఏ పిల్ల తప్పు రాసినా తుడవనివ్వలేదు. సున్న చుట్టించి, ఏం కనబడిందో చెప్పమన్నాను. ఈ కథ చెబితే తోటి టీచర్లు సారు చివరి మాటకు తల ఊపి, ఎంత గొప్ప మాట అనేవారు. గొప్పదే, కాదని ఎవరన్నారు? ఆ మాట మీదే నా బతుకంతా నడిచింది. కానీ ఆ రోజు ఆ బస్సు కిటికీ దగ్గర నాకు గొప్ప మాట వద్దు, సారు కావాలి. ఇప్పటికీ అంతే.