ముహూర్తానికి తెరిచిన సెషన్

2024. మదనపల్లె దగ్గర ఒక ఇంజనీరింగ్ కాలేజీలో నేను కంప్యూటర్ ల్యాబ్ ఇన్‌ఛార్జిని. ఆ ఏడు మాకు క్వాంటమ్ ల్యాబ్ వచ్చింది. వచ్చిందంటే గదికి కొత్త రంగు, గుమ్మం మీద బోర్డు, లోపల నాలుగు మామూలు కంప్యూటర్లు. అసలు క్వాంటమ్ కంప్యూటర్ ఎక్కడో దూరదేశంలో ఉంటుంది. మనం ఇంటర్నెట్ ద్వారా దానికి జాబ్ పంపాలి, అంటే ఫలానా లెక్క చేసిపెట్టమని అడగాలి. అది మనకోసం పనిచేసిన సమయానికి డబ్బు. మా కాలేజీ ఏడాదికి కొన్నది నాలుగంటే నాలుగు గంటలు.

ఇంతేనా అని నవ్వేవాళ్ళున్నారు. పద్ధతిగా వాడితే అదే ఎక్కువ, ఎందుకంటే ఒక్కో జాబ్ సెకన్లలో అయిపోతుంది. పిల్లలు తప్పులన్నీ ముందు సిమ్యులేటర్ మీద చెయ్యాలి. అది మన కంప్యూటర్‌లోనే నడిచే ఉత్తుత్తి మెషిన్, పైసా ఖర్చు లేదు. తర్వాత కొద్ది షాట్లతో అసలు మెషిన్‌కి పంపాలి. ఒకే లెక్కను ఒకసారి నడిపితే ఒక షాట్. ప్రతి లాగిన్‌కీ రోజుకు పది నిమిషాల యూసేజ్ లిమిట్ నేనే పెట్టాను. ఇక సెషన్ అని ఒకటుంది, దాంతో మాత్రం భయం. మెషిన్‌ని మన పేరుమీద పట్టి ఉంచడం అది. పని చేయించినా, ఊరికే కూర్చున్నా, వెయిటింగ్‌లో పెట్టిన ఆటోలాగా మీటరు తిరుగుతూనే ఉంటుంది.

చందన ఆఖరి సంవత్సరం పిల్ల. వాళ్ళది పుంగనూరు. నాన్న నారాయణప్పకు అక్కడ కిరాణా అంగడి. మదనపల్లె మార్కెట్లో టమాటా ఎత్తిన లారీ ముందు ఏ ఊరికి పోయి తర్వాత ఏ ఊరికి పోతే సరుకు చెడకుండా చేరుతుందో తేల్చడం ఆమె ప్రాజెక్టు. నెలల తరబడి సిమ్యులేటర్ మీదే కుస్తీ పట్టింది. ఆఖరి పరీక్షలకి ఆమెకు నలభై నిమిషాల అసలు మెషిన్ కేటాయించాం. “ఒక్క షాటు గూడా దండగ చెయ్యను సార్” అనేది. చెయ్యదు కూడా.

ప్రారంభోత్సవం శుక్రవారం పెట్టారు. కుప్పం నుంచి ముఖ్య అతిథి వచ్చి ఎంటర్ నొక్కాలి. మొత్తం కాలేజీలో సరిగ్గా నడిచేది చందన ప్రోగ్రామ్ ఒక్కటే కాబట్టి ఆమె లాగిన్ నుంచే చూపించాలని మా హెచ్‌ఓడీ తేల్చాడు. పొద్దున్నే నన్ను పిలిచాడు.

“రెడ్డప్పా, తొమ్మిదీ పద్దెనిమిదికి సెషన్ తెరువు. పదిన్నరకు రాహుకాలం వస్తాది.”

“సార్, గెస్టు ఇంకా కుప్పంలోనే ఉండాడంట. ఇప్పుడే తెరిస్తే మీటరు తిరుగుతాది.”

“ముహూర్తానికి మొదలుపెడితే సాలు, ఆయప్ప ఎప్పుడొచ్చి నొక్కినా ఫర్వాలేదు. ఆ లిమిట్ గూడా తీసెయ్. శుభమా అని పని జరుగుతాంటే అడ్డం మాట్లాడొద్దు.”

తీసేశాను, నా చేత్తోనే. పని లేకపోతే సెషన్ తనంతట తానే మూసుకుపోతుంది. ముహూర్తానికి తెరిచింది మధ్యలో పోతే అపశకునమట! అందుకని దీపంలో నూనె పోసినట్టు, నిమిషానికోసారి అర్థంపర్థం లేని చిన్న జాబ్ పంపుతూ కూర్చోమన్నాడు. కూర్చున్నాను. అతిథి పలమనేరు దాటాడన్నారు. పుంగనూరులో ఎవరింట్లోనో టిఫిన్ చేస్తున్నాడన్నారు. వచ్చాక శాలువాలు, స్వాగతోపన్యాసం, వందన సమర్పణ. ఒంటిగంట దాటాక ఆయన ఎంటర్ నొక్కాడు. షాట్లు కూడా వెయ్యిన్నూటపదహారు పెట్టించాడు మా హెచ్‌ఓడీ, చదివింపుల లెక్కన. పది సెకన్లలో జవాబు వచ్చింది. చప్పట్లు మోగాయి. ఏడాది సమయమంతా ఆ పూటకే అయిపోయింది. అత్త సొమ్ము అల్లుడి దానం అంటే అదే.

వారం తిరక్కుండానే యాజమాన్యం రిపోర్టు అడిగింది. లాగిన్ల వారీగా ప్రింటు తీస్తే నాలుగు గంటల ఎదురుగా ఒకటే పేరు, చందన. హెచ్‌ఓడీ ఆ కాగితం పట్టుకుని, “నా అజాగ్రత్త వల్ల” అని ఆమెను క్షమాపణ పత్రం రాసిమ్మన్నాడు. రాయకపోతే ప్రాజెక్టు ఒప్పుకోడట, పరీక్షకు కూర్చోనివ్వడట. ఆ పిల్ల ఏడుస్తూ రాసిచ్చింది. నా ఒళ్ళు మండిపోయింది. అయినా రెండు రోజులు నోరు తెరవలేదు. ఉద్యోగం పోతుందని భయం. ఆ రెండు రోజులు తలచుకుంటే ఇప్పటికీ నామీద నాకే అసహ్యం.

మూడో రోజు నారాయణప్ప వచ్చాడు. హెచ్‌ఓడీ గదిలో నేనూ ఉన్నాను. ఆయన సంచిలోంచి ప్రారంభోత్సవం ఆహ్వానపత్రిక తీసి బల్ల మీద పెట్టాడు. అందులో కూతురి పేరు అచ్చయిందని అంగట్లో లక్ష్మీదేవి పటం వెనక దాచుకున్నాడట. దానికి పసుపు కూడా అంటి ఉంది.

“మీ మిషన్ సంగతి నాకు తెలీదప్పా. ముహూర్తం తొమ్మిదీ పద్దెనిమిది అని మీరే ఈడ అచ్చేయించినారు. ఆ పొద్దు నేనూ వచ్చినా. మా పాప గేటు కాడ పూలబొకే పట్టుకోని ఎండలో నిలబడి ఉండె, ఆ పెద్దాయన కారు దిగేదాకా. ఇంక కంప్యూటర్ కాడ కూసునింది ఎవురు? సూసినోళ్ళు ఒక్కరన్నా లేరా ఈ కాలేజీలో?”

హెచ్‌ఓడీని అడుగుతూ నా వైపు చూశాడు. ఇక ఆగలేకపోయాను. ఎప్పుడేం జరిగిందో మెషిన్ రాసుకునే లాగ్ తెరిచి, సెషన్ మొదలైన నిమిషం, మూసిన నిమిషం చూపించాను.

“నేనే కూసున్నా నారాయణప్పా. తెరిచింది నేను, లిమిట్ తీసింది నేను. తియ్యమనింది ఈ సార్.”

“ముహూర్తాన్నే తప్పుపడతాండావా రెడ్డప్పా?” హెచ్‌ఓడీ లేచాడు.

“ముహూర్తం ఏం పాపం చేసింది సార్? ఆ టయానికి దీపం వెలిగించుకోని ఉంటే సరిపోయుండె. మీ గొప్పకు ఆ పిల్ల నోట్లో మన్ను కొట్టినారే!”

నారాయణప్ప బల్ల మీది క్షమాపణ పత్రం తీసుకుని నాలుగు ముక్కలు చేసి జేబులో వేసుకున్నాడు. ఆహ్వానపత్రిక మాత్రం జాగ్రత్తగా సంచిలో పెట్టుకున్నాడు. సంగతి యాజమాన్యం దాకా పోతుందని హెచ్‌ఓడీ వెనక్కి తగ్గాడు, పరీక్షకు అడ్డు తొలగింది. చందన నలభై నిమిషాలు మాత్రం తిరిగి రాలేదు. కొత్త సమయం కొనడానికి డబ్బు లేదన్నారు. శాలువాలకు ఎక్కణ్ణుంచి వచ్చిందో!

లాగ్‌లో ఎవరి లాగినో ఉంటుంది, ఎవరి చెయ్యో ఉండదు. అప్పటినుంచి పిల్లల లాగిన్‌తో వేరేవాళ్ళ పని చెయ్యను. లిమిట్ తియ్యాలంటే సంతకం పెట్టిన కాగితం అడుగుతాను. నొక్కేవాడు కుర్చీలో కూర్చున్నాకే సెషన్ తెరుస్తాను, ఆయన ఎంతటివాడైనా సరే.

ప్రాజెక్టు పరీక్షకు బయటి కాలేజీ నుంచి ఒక ప్రొఫెసర్ వచ్చాడు. చందన రిపోర్టులో సిమ్యులేటర్ ఫలితాలు పేజీల కొద్దీ ఉన్నాయి. అసలు మెషిన్ పట్టికలో ఒక్కటే వరస, వెయ్యిన్నూటపదహారు షాట్లు.

“ఇంత చేసి, అసలు మెషిన్ మీద ఒక్కసారేనామ్మా నడిపింది?” అన్నాడాయన.

“ఒక్కసారే సార్. అది గూడా గెస్టు నడిపినాడు. నా టైమంతా స్వాగతోపన్యాసానికి అయిపోయింది.”

హెచ్‌ఓడీ పక్కనే కూర్చుని ఉన్నాడు. ఇరవై రెండేళ్ళ పిల్ల అంత తొణక్కుండా అనేసిన మాట, ఇరవై ఏళ్ళ సర్వీసున్న నేను ఆ శుక్రవారం పొద్దున్నే అని ఉండాల్సింది.