ఖాళీగా తెరుచుకున్న కిటికీ

ఒక మనిషి చేతిమీద వేసిన నింద ఇన్నేళ్లూ నా మీదే బరువుగా ఉంది. ఆ రోజు తప్పు నాది. మీకూ చెప్పాలి.

తొంభైల్లో, సిద్దిపేటలో చేనేత నమూనాలు గీసే చిన్న కేంద్రంలో నేను ఆపరేటర్‌ని. పట్నంలో ఎవరో వాడి వదిలేసిన వర్క్‌స్టేషన్ కంప్యూటర్ ఒకటి తెచ్చారు. అప్పటిదాకా నేను చూసింది నల్లటి తెరమీద అక్షరాలే. దీంట్లో బొమ్మలు, ఒకదానిమీద ఒకటి కిటికీలు, వాటిని జరపడానికి మౌస్. లాగౌట్ చేసి మర్నాడు వస్తే కిటికీలన్నీ ఎక్కడివక్కడే తెరుచుకునేవి. నాకదెంత మురిపెమో.

దుబ్బాక నుంచి నేతపని చేసే నర్సయ్య బస్సులో వచ్చేవాడు. బతుకంతా ఒకరిచ్చిన చీర అంచులే నేసినవాడు, మొదటిసారి తన మనసులోని అంచు గీశాడు. చింతాకులు, నడుమ గింజలు. మౌస్‌ని పిట్టపిల్లలా పట్టుకునేవాడు. సాయంత్రం బస్సుకు లేస్తూ, బొమ్మని భద్రం చెయ్యాలా అని అడిగాడు. అక్కర్లేదు, దీనికి అన్నీ యాదుంటాయన్నాను.

మర్నాడు కిటికీ తన చోటనే తెరుచుకుంది. లోపల ఏమీ లేదు. యంత్రానికి కిటికీ ఉన్న చోటే గుర్తుంటుందని, సేవ్ చెయ్యని బొమ్మ ఉండదని అప్పుడు తెలిసింది. నర్సయ్య అప్పుడే మౌస్‌మీద చెయ్యి వేశాడు. వెనక నిలబడ్డ కేంద్రం యజమాని ఏమైందని అడిగాడు.

"నర్సన్న ఏదో నొక్కిండు సార్."

ఎందుకన్నాను? ఉద్యోగం పోతుందనా? లేక, నాకు తెలియదనే మాట నోటికి రాకనా? రెండోదే అనుకుంటాను.

"మగ్గం తొక్కేటోనికి ఎలుకనిస్తే గంతే" అని యజమాని నవ్వాడు.

నర్సయ్య అరచెయ్యి తిప్పి చూసుకున్నాడు. "నా చెయ్యి మోటుది తమ్మీ. నీ పని ఖరాబు చేస్తి."

నా పనట. పోయింది ఆయన అంచు. ఆ తర్వాత ఆయన మౌస్ ముట్టలేదు. చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి, పాత అంచులే చెప్పేవాడు, నేను గీసేవాణ్ని.

మొన్న దుబ్బాక వెళ్లాను. నర్సయ్య మగ్గం పక్కన కూర్చుని, ఆయన భార్య వింటుండగా అంతా చెప్పాను. పోగుల మధ్య అటూ ఇటూ ఆడుతున్న నాడె ఆగింది.

"అంటే నా చెయ్యి గాదా?"

"కాదన్నా."

చాలాసేపు చెయ్యి చూసుకున్నాడు. గా అంచు ఇప్పుడు యాదికి లేదన్నాడు. క్షమించానని అనలేదు. నేను అడగలేదు.

తిరుగు బస్సు దిగి నేరుగా ఆ పాత యజమాని ఇంటికి పోయాను. ముసలివాడయ్యాడు, నన్ను గుర్తుపట్టడానికే కాసేపు పట్టింది. అయినా చెప్పాను.

"ఆ రోజు నర్సన్న ఏం నొక్కలే సార్."