చివరి పెట్టెలో మనిషి

కిందటి వారం అనంతపురంలో మా ఆవిడను కళ్ళ డాక్టరుకు చూపించి బయటికి వస్తూ, ఆమె ఏదో ఒక మాట అంటుందని మెట్ల దగ్గర కాస్త ఆగాను. ఆ డాక్టరు చిన్నవాడు, మంచి అందగాడు. ఒత్తయిన జుట్టు, తీరైన ముక్కు, నవ్వితే చెంపన సొట్ట. ఒకప్పుడైతే గది తలుపు మూసుకోకముందే ఆమె నోటివెంట "ఎంత చెందంగా ఉండాడప్పా" అన్న మాట వచ్చేసి ఉండేది, ఆ వెంటనే నా చెయ్యి దానంతట అదే నా బట్టతల మీదికి పోయి ఉండేది. ఆ రోజు ఆమె ఏమీ అనలేదు. నా మోచెయ్యి పట్టుకుని, కాలితో మెట్టు వెతుక్కుంటూ దిగింది. షుగరు వల్ల కంటి వెనక పొర దెబ్బతిన్నదనీ, ఉన్న చూపును నిలబెట్టుకోవడమే తప్ప పోయినదాన్ని తెప్పించే మందు లేదనీ ఆ అందగాడే మాకు నెమ్మదిగా చెప్పాడు. అంత దగ్గరగా వంగి చూసినవాడి ముఖం కూడా ఆమెకు ఒక తెల్లటి మసకగానే కనబడి ఉంటుందని నాకు ఆ మెట్ల మీద అర్థమైంది.

గుంతకల్లుకు పోయే రైలు అప్పటికే దాటిపోయింది. జీవితమంతా రైళ్ళ మీద బతికి, జేబులో పాసు పెట్టుకుని టిక్కెట్టు కొని బస్సెక్కడం నాకు నామోషీయే గాని, ఆమెను కూర్చోబెట్టుకుని స్టేషనులో సాయంత్రం దాకా పడిగాపులు పడలేక ఎక్కేశాను. ముందురోజు తొలివాన పడింది. వజ్రకరూరు వైపు ఎర్రటి చేలల్లో జనం తలలు వంచుకుని మెల్లగా నడుస్తున్నారు. వాన నేలను కడిగితే వజ్రం బయటపడుతుందని ఏటా వచ్చేవాళ్ళే, పిల్లాజెల్లాతో, సద్దిమూటలతో. ఆమె కిటికీ వైపే ముఖం పెట్టుకుని కూర్చుంది గాని ఎవరున్నారనీ, ఏం చేస్తున్నారనీ అడగలేదు. తడి మట్టి వాసన, బస్సు ఊపు, ఆమె భుజం నా భుజానికి ఆనుకున్న వెచ్చదనం అన్నీ కలిసి నన్ను నిద్రా మెలకువా కాని చోటికి తీసుకుపోయాయి. అక్కడ మాకు కొత్తగా పెళ్ళయింది, నేను గూడ్సు గార్డును, బొగ్గు ఇంజన్లు ఇంకా పూర్తిగా పోలేదు.

ఆమె నా మేనమామ కూతురు. మడకశిర అవతల, సగం కన్నడం వినబడే పల్లె. వాళ్ళది గొర్రెలు మేపే ఇల్లు. సంతలో ఎవరి పొట్టేలు బాగుంటే దాన్ని నలుగురిలో పైకి మెచ్చుకోవడం ఆ ఇంట్లో అన్నం తిన్నంత మామూలు విషయం. ఆ అలవాటుతోనే ఆమె మనుషుల్ని కూడా చూసేది. కండక్టరు ఉంగరాల జుట్టు, పక్క క్వార్టరులో గుమాస్తా నిలబడే తీరు, చివరికి నా సొంత తమ్ముడి పొడుగు, అన్నీ ఆమెకు చెందమే, వాళ్ళ పల్లె మాటలో అందమే. ఏ దాపరికం లేకుండా, నా కంచంలో చారు పోస్తూ పోస్తూ చెప్పేది. ఆడవాళ్ళను చూసినా అదే మాట, లేగదూడను చూసినా అదే మాట. నన్ను మాత్రం ఎన్నడూ అన్న పాపాన పోలేదు.

నేనేమో బక్కపలచటి మనిషిని, చెవులు ముఖానికి మించినవి, జుట్టు పెళ్ళినాటికే సెలవు పుచ్చుకోవడం మొదలుపెట్టింది. చిన్నప్పటినుంచీ చూసిన బావ కదా, మేనరికమని పెద్దవాళ్ళు చేశారు గాని తనకై తాను కోరుకుని ఉండదేమో అన్న ఆలోచన ఒకసారి పుట్టాక ఇక పోలేదు. ఇలాంటి బాధ ఆడవాళ్ళకే ఉంటుందని మన తరంలో అందరం అనుకున్నాం. బండి సిబ్బంది దిగి పడుకునే రన్నింగ్ రూములో మా వాళ్ళు భోజనాల దగ్గర చేరి ఎవరెవరి అందాల గురించో గట్టిగా మాట్లాడుకుని నవ్వుకునేవాళ్ళు, ఇళ్ళకు పోయి భార్యల దగ్గర కూడా అలాగే వాగేవాళ్ళు, ఆ ఇల్లాళ్ళ మనసుల్లో ఏమవుతుందో ఎవరికీ పట్టేది కాదు. నాకు మాత్రం తెలుసు. తెలిసి కూడా ఎవరితో చెప్పుకుంటాను? పెళ్ళాం ఇంకెవరి మీసమో బాగుందన్నందుకు ముద్ద దిగడం లేదని ఏ మగవాడు చెప్పుకోగలడు!

మీసం అంటే గుర్తుకొచ్చింది. ఆ రోజుల్లో తరచుగా నాతో జతపడే డ్రైవరు ఒకాయన ఉండేవాడు. మాకంటే రెండు వరసల అవతల క్వార్టరు. మంచి ఒడ్డూ పొడుగూ, బొగ్గుమసిలో కూడా మెరిసే మీసం. ఆయన్ను చూసిన మొదటి రోజే ఆమె ఆ మీసం గురించి నాకు పూసగుచ్చినట్టు చెప్పింది. నేనూ ఒక మీసం పెంచాను. కొబ్బరినూనె పట్టించి, అద్దంలో చూసుకుని, నెల్లాళ్ళు అవస్థపడ్డాను. ఆమె దాన్ని గమనించకపోలేదు. మజ్జిగ తాగేటప్పుడు అడ్డం పడుతోందనీ, తీసేస్తే మేలనీ చెప్పింది. అంతే.

మా క్వార్టర్ల వెనకే లైను. అనంతపురం వైపు నుంచి వచ్చే బండి అక్కడ పెద్ద వంపు తిరిగి, నింపాదిగా యార్డులోకి వస్తుంది. చివరి పెట్టెలో గార్డు నిలబడి తొంగిచూస్తే ఆ వంపులో బండి మొత్తం ఒక్కసారిగా కనబడుతుంది, ఇంజనూ కనబడుతుంది, దాని పక్కనే మా ఇంటి వెనక గోడా కనబడుతుంది. సాయంత్రపు ఎండ ఎర్రటి దుమ్ములో పడి లోకమంతా పసుపు పూసినట్టుండే వేళ, ఎన్నో రోజుల తర్వాత ఇల్లు చేరుతున్న ఆనందంలో నేను పచ్చజెండా పట్టుకుని చూస్తుంటే, ఇంజను మా ఇంటి దగ్గరికి రాగానే ఆ డ్రైవరు చిన్నగా ఒక కూత వేసేవాడు. ఆ కూతకు మా ఆవిడ బయటికి వచ్చేది. గోడ దగ్గర నిలబడి, కొంగు నుదుటికి అడ్డం పెట్టుకుని ఇంజను వైపు చూసేది. ఆయన చెయ్యి ఊపేవాడు. ఆ తర్వాత ఒకటొకటిగా పెట్టెలన్నీ గడిచి నా పెట్టె అక్కడికి వచ్చేసరికి, గోడ దగ్గర ఎవరూ ఉండేవాళ్ళు కాదు.

మొదటిసారి ఏదో పని ఉండి లోపలికి పోయిందనుకున్నాను. ప్రతిసారీ అదే జరిగేసరికి నా మనసు చిన్నబోయింది. ఆమె నడవడిని నేను ఒక్కనాడు కూడా శంకించలేదు, ఆ మాట ఒట్టేసి చెబుతాను. నన్ను చూడాలని లేదే అన్నదే నా ఏడుపు. మీసం ముందు పోతుంటే చూడబుద్ధయ్యే మనిషికి, చెవులు వెనక వస్తుంటే నిలబడబుద్ధి కాలేదే అని! ఇంటికి చేరి, ఆమె తోడిపెట్టిన వేడినీళ్ళు తల మీద పోసుకుంటూ కూడా అదే తలచుకునేవాణ్ణి.

చివరికి ఆఫీసులో బతిమాలుకుని ఇంకో డ్రైవరుతో డ్యూటీ వేయించుకున్నాను. కొత్తాయన ముసలివాడు, తన పనేదో తనది, కూతల జోలికి పోడు. ఆ సాయంత్రం బండి వంపు తిరిగింది. కూత లేదు. ఇంజను మా గోడ దాటింది, పెట్టెలు దాటాయి, నేనూ దాటాను. ఎవరూ రాలేదు. నేననుకున్నదే నిజమైనందుకు సంతోషించాలో ఏడవాలో తెలియక, నా సామాను పెట్టె చేత పట్టుకుని కాళ్ళీడ్చుకుంటూ ఇల్లు చేరాను.

తలుపు తీసిన మనిషి నన్ను చూసి బిత్తరపోయింది. పొయ్యి వెలిగించి లేదు, అన్నం పెట్టి లేదు, అంతా వెనకబడిపోయింది. పుల్లలు ఎగదోస్తూ నా మీదే విసుక్కుంది.

"ఆయప్ప కూత ఏసింటే నీళ్ళు పెట్టేదాన్ని గదా. ఈపొద్దు బండి తోలింది ఎవరు?"

కూతకూ నీళ్ళకూ సంబంధమేమిటని అడిగాను. అప్పుడు సంగతంతా చెప్పింది. డ్రైవరు తన ఇంటివాళ్ళ కోసం ఏనాటినుంచో ఆ వంపులో కూత వేస్తాడట. అది వింటే ఆ ఇల్లాలు పొయ్యి ముట్టిస్తుందట. మా ఆవిడ కాపురానికి వచ్చిన కొత్తలో, నేను ఎప్పుడొస్తానో తెలియక నీళ్ళు కాచి చల్లార్చి, మళ్ళీ కాచి విసిగిపోతుంటే, వెనక పెట్టెలో నేనున్న రోజున మా గోడ దగ్గర కూడా ఒక కూత వేయమని ఆ ఇల్లాలే తన భర్తకు చెప్పి పెట్టిందట. ఈమె బయటికి వచ్చి ఆయన ఊపే చెయ్యి చూసి, నేనున్నానని రూఢి చేసుకుని లోపలికి పరుగెత్తేదట. వరసలోని ఆడవాళ్ళందరికీ తెలిసిన ఆ ఏర్పాటు, బండికి గార్డునైన నాకు తెలియదు.

సిగ్గు విడిచి అడిగేశాను. నా పెట్టె వచ్చేదాకా ఒక్క నిమిషం నిలబడి నన్నూ చూడొచ్చు కదా అని. ఆమె పొయ్యి ఊదుతూనే తల తిప్పి, అదేం ప్రశ్న అన్నట్టు చూసింది.

"నువ్వు ఇంటికే వస్తాండావు గదా బావా, ఆడ నిలబడి చూసేదేముండాది?"

పొగకు ఆమె కళ్ళు నీళ్ళు కారుతున్నాయి, నావి దేనికి కారాయో చెప్పలేను. మరుసటి వారమే ఆఫీసుకు పోయి మళ్ళీ ఆ మీసాలాయనతోనే వేయించుకున్నాను. ఆ తర్వాత ఆమె మాటలు గుచ్చుకోలేదని అబద్ధం చెప్పను. మా పెద్దమ్మాయి పెళ్ళిలో వియ్యంకుణ్ణి చూసి అదే మాట అన్నప్పుడు, పీటల మీద కూర్చుని ఉండగానే నా చెయ్యి తల మీదికి పోయింది. నొప్పి చిన్నదైపోయింది, అంతే. ఆ ఒక్క మాట నన్ను అంటే వినాలన్న ఆశ మాత్రం మనసులో ఏ మూలో ఉండిపోయింది.

బస్సు ఆగిపోయేసరికి కళ్ళు తెరిచాను. రైల్వే గేటు వేసి ఉంది. గూడ్సు బండి వస్తోంది, కరెంటు ఇంజను, పొడవాటి హారను. దానికి ఆమె తల ఎత్తింది. పెట్టెలు చాలాసేపు గడిచాయి. ఈమధ్య కొన్ని బండ్లకు గార్డు పెట్టె తగిలించడం మానేశారు. చివరి వ్యాగనుకు ఎర్రగా మినుకుమనే చిన్న యంత్రం బిగించి పంపుతున్నారు. ఇదీ అలాంటి బండే. చప్పుడు దూరమవుతుంటే ఆమె నా చెయ్యి తట్టింది.

"కడాకు గార్డు నిలబడుండాడా?"

ఉన్నాడని చెప్పాను.

"ఎట్లుండాడు?"

ఉన్నదున్నట్టు చెప్పాను. బక్కగా ఉన్నాడు, చొక్కా వదులు, చెవులు పెద్దవి, ముందువైపు జుట్టు పలచబడుతోంది, పచ్చజెండా పట్టుకుని ఇళ్ళ వైపే చూస్తూ పోతున్నాడు అన్నాను. చక్రాల చప్పుడును బట్టి వెనక ఏ పెట్టె ఉందో చెప్పగలిగిన మనిషి ఆమె. నా అబద్ధం పట్టుకోకుండా ఉండదు. కిటికీ వైపే ముఖం పెట్టి నవ్వింది.

"చెందంగా ఉండాడు."

గేటు లేచింది, బస్సు కదిలింది. కూతలు పోయాయి, బొగ్గుమసి పోయింది, ఇంటి వైపు చూస్తూ చివర నిలబడే మనిషీ మెల్లమెల్లగా పోతున్నాడు. ఇకమీదట ఏ కండక్టరు జుట్టు బాగుందో, ఏ డాక్టరు నవ్వు బాగుందో ఆమెకు నేనే చెప్పాలి. ఇల్లు చేరాక ఆమెను మంచం మీద కూర్చోబెట్టి, నీళ్ళు నేను పెట్టాను.