ఉప్పుజడలవాళ్ల ఓడలో ఒక తెడ్డు

మా గరాజ్‌లో కారు పెట్టి ఏడాది దాటింది. సిడ్నీ శివార్లలోని కెల్లీవిల్‌లో మా వీధి వీధంతా కార్లు లోపల భద్రంగా నిద్రపోతుంటే, మాది మాత్రం ఎండకి ఎండి, వానకి తడిసి డ్రైవ్‌వే మీదే పడుంటుంది. లోపల ఓడ ఉంది మరి.

ఓడంటే పాత డైనింగ్ టేబులు, దాని చుట్టూ కుర్చీలు. పైన నీలం దుప్పటి పరిస్తే అదే సముద్రం. శనివారం మధ్యాహ్నాలు మా అమ్మాయి, స్కూల్లో దాంతో చదివే పిల్లలు అక్కడ చేరి ఆడతారు. ఈ ఆటలో ఒకరు కథ చెబుతారు. మిగతావాళ్లు ఆ కథలో తలా ఒక మనిషై, ఇప్పుడు నేను ఇది చేస్తాను అంటారు. అది కుదిరిందో బెడిసిందో పాచికలు తేలుస్తాయి. కథ చెప్పేది మా అమ్మాయి. ఆ కథలో ఉన్న జాతిని పుట్టించింది కూడా అదే.

సాల్ట్ బ్రెయిడ్స్ అని పేరు పెట్టింది. నేను ఉప్పుజడలవాళ్లు అంటాను. సముద్రం మీద బతుకుతారు. ఆడా మగా అందరికీ జడలే, యుద్ధానికి వెళ్లేముందు ఆ జడల్ని ఉప్పునీళ్లలో ముంచుకుంటారు. ఓడ ముందు భాగాన పెద్ద చెక్క తల ఉంటుంది. ఏ డ్రాగనో అనుకున్నాను, మ్యాగ్‌పై అంది. వసంతం రాగానే మా పార్కులో సైకిల్ తొక్కేవాళ్ల నెత్తి మీదకి దూకే పిట్ట కంటే భయంకరమైంది దానికి తెలీదు. వాళ్ల సముద్రం జూన్‌లో గడ్డకడుతుంది. ఇక్కడ పుట్టిన పిల్ల కదా, చలికాలమంటే జూనే.

ఇక వాళ్ల చట్టాలు. తెడ్డుకి ఇద్దరు కూర్చోవాలి, సగం ఖాళీగా ఉన్న తెడ్డుతో ఓడ కదలదు. ఓడ మీద ఎవరూ ఒక్కరే కూర్చుని తినకూడదు. సముద్రంలోంచి పైకి లాగిన పరాయివాణ్ణి చంపరు, తన దేవుణ్ణీ తన ఆచారాన్నీ తన దగ్గరే ఉంచుకోనిస్తారు. అన్నిటికంటే పెద్దది, మాట ఒక్కటే. అవునంటే అవును, కాదంటే కాదు.

ఆ తిండి చట్టం విన్నప్పుడు నేను తెగ నవ్వాను. "తలలు నరికే వీరులంటివి, పక్కన మనిషి లేకపోతే ముద్ద దిగదా వీళ్లకి?" అన్నాను. అమ్మాయి నవ్వలేదు. "ఇట్స్ ద లా, నాన్నా" అంది.

నేను ఆ ఓడెక్కింది కేవలం తెడ్డు చట్టం వల్లే. ఆడే నలుగురిలో ఒక పిల్ల వాళ్లు బ్రిస్బేన్ వెళ్లిపోయారు. మిగిలింది ముగ్గురు, తెడ్డుకి ఇద్దరు కావాలి. నేను వంటింట్లో మిరపకాయ బజ్జీలు వేస్తున్నాను. శనివారం మా ఆవిడకి హాస్పిటల్ డ్యూటీ, పిల్లల తిండి నా బాధ్యత. గుంటూరువాడి చేతి బజ్జీ సంగతి నేను చెప్పుకోకూడదు గానీ, ఆ పిల్లలు ఆటకంటే దానికే వచ్చేవాళ్లని నా అనుమానం. అమ్మాయి వచ్చి గుమ్మంలో నిలబడి, "నాన్నా, కెన్ యూ రో?" అంది. స్టవ్ ఆపేసి వెళ్లాను.

నువ్వెవరు, ఎక్కడివాడివి అని అడిగింది, కథలో. దక్షిణాన మిరపకాయలు పండే దేశం నుంచి వస్తుంటే పడవ మునిగిందన్నాను. సరే, మావాళ్లు నిన్ను నీళ్లలోంచి లాగారు, నీ ఆచారం నీది అంది. ఆ సాయంత్రం మా ఆవిడ డ్యూటీ నుంచి వచ్చి విషయం విని, "బాగుంది, ఏభయ్యో పడికి దగ్గర పడుతూ సముద్రపు దొంగలయ్యారా" అంది. అయ్యాను. నాకు బ్రహ్మాండంగా ఉంది. వారమంతా పారమట్టా ఆఫీసులో తలాడించీ ఆడించీ, శనివారం వచ్చి గొడ్డలి తిప్పుతుంటే ఆ సుఖమే వేరు.

పేచీ నా మొహమాటంతో వచ్చింది.

ఇది నా ఒక్కడి జబ్బు కాదు. మన ఇళ్లల్లో ఎవరైనా ఏదైనా పెట్టబోతే వెంటనే వద్దంటాం. కడుపులో ఎలకలు పరిగెడుతున్నా సరే, "వద్దండీ, ఇప్పుడే తినొచ్చాను" అంటాం. వాళ్లు మళ్లీ అడుగుతారు. మళ్లీ వద్దంటాం. మూడోసారికి ప్లేటు చేతిలో ఉంటుంది. ఎవరూ నేర్పకుండానే వచ్చిన విద్య. దీంతో నేను చదువుకోవడానికి మెల్‌బోర్న్ వచ్చిన కొత్తలో ఒక క్లాస్‌మేట్ ఇంట్లో బార్బీకి, అంటే పెరట్లో మాంసం కాల్చుకుని తినే విందుకి వెళ్లి, తింటావా అంటే వద్దన్నాను. "నో వరీస్" అని అతను వెళ్లిపోయాడు. ఆ సాయంత్రమంతా వాసన పీల్చి, ట్రైన్‌లో బిస్కెట్లు కొరుక్కుంటూ ఇంటికెళ్లాను. అడగందే అమ్మైనా పెట్టదంటారు. ఈ దేశంలో అమ్మ ఒక్కసారి అడుగుతుంది, అంతే.

మా అమ్మాయిది ఈ దేశపు పద్ధతి. మెల్‌బోర్న్ పక్కన టార్నీట్‌లో ఉన్నప్పుడే, దాని స్నేహితురాలికి నేను రెండోసారి బజ్జీ వెయ్యబోతే పక్కకి తీసుకెళ్లి మందలించింది. "నాన్నా, షీ సెడ్ నో. నో అంటే నో." నిజమే, నాకూ సబబుగానే అనిపించింది. అప్పట్నుంచి ఎవర్నైనా, ఏదైనా, ఒక్కసారే అడగడం అలవాటు చేసుకున్నాను. టార్నీట్ నుంచి ఇక్కడికి మారి దాన్ని కొత్త స్కూల్లో చేర్చినప్పుడూ అంతే. "స్కూలెట్లా ఉందమ్మా" అంటే "ఫైన్" అనేది. ఫైన్ అంటే ఫైనే కదా అనుకుని నా పని చూసుకునేవాణ్ణి.

పేచీ వచ్చిన శనివారం మా ఓడ ఒక దీవికి చేరింది. అక్కడి నాయకురాలు ఉప్పుజడలవాళ్లలోనే మరో తెగ మనిషి. జలసంధి ఆవిడ చేతిలో ఉంది, ఆవిడ దారిస్తే తప్ప ఇంటికి పోలేం. నాయకురాలి మాటలు మాట్లాడేది కూడా మా అమ్మాయే. పెద్ద సభ, మధ్యలో మంట, గోడలకి డాళ్లు. కొత్తవాణ్ణని ముందు నా దగ్గరికొచ్చి, తేనెసారా నింపిన కొమ్మును ఇచ్చింది. కొమ్ముకి బదులు మా ఇంటి స్టీలు గ్లాసు, అందులో మజ్జిగ. గ్లాసు నా ముందుకొచ్చింది. నేనప్పుడే టీ తాగి ఉన్నాను.

"వద్దమ్మా, ఇప్పుడే తాగాను" అన్నాను.

అమ్మాయి చెయ్యి అలాగే ఆగిపోయింది. పొడుగు కుర్రాడొకడున్నాడు వాళ్లలో, వాడు ఏమన్నారని అడిగాడు. ఆ గదిలో తెలుగు తెలిసింది మా ఇద్దరికే. థాంక్స్ చెప్పాడనొచ్చు. దగ్గొచ్చిందనొచ్చు. అది నన్నొకసారి చూసి, "హీ రెఫ్యూజ్డ్ ద హార్న్" అంది.

ఉప్పుజడలవాళ్లలో కొమ్ము వద్దనడమంటే యుద్ధం ప్రకటించడం. మొహమాటానికి పోతే ఏమవుతుందో చెప్పే సామెత ఒకటుంది, అది పిల్లల ముందు చెప్పేది కాదు. సాయంత్రమయ్యేసరికి మా ఓడ పక్క చెక్కలు పగిలి, పొగమంచులో జలసంధి మధ్య చిక్కుకుంది. రెండు వైపులా నాయకురాలి పడవలు. పాచికలు ఒక్కటంటే ఒక్కటి మాకు కలిసిరాలేదు. వచ్చే శనివారం ఓడ మునగడం ఖాయం అని ముగ్గురూ తేల్చేశారు.

వెళ్తూ వెళ్తూ పొడుగు కుర్రాడు, మునిగితే ఆపై వారం నుంచి తన దగ్గరున్న రాకెట్ల ఆట ఆడదామన్నాడు, వాళ్లింట్లో. మిగతా ఇద్దరూ సరేనన్నారు. వాడి మీద నాకొచ్చిన కోపం ఇంతా అంతా కాదు. నా బజ్జీలు తిని నా గరాజ్‌లో నిలబడి ఆ మాట. అమ్మాయి మాత్రం దుప్పటి మడతపెట్టింది. రెండు మడతలకి అయిపోయే దుప్పటిని అంతసేపు మడిచిందంటేనే నాకు అర్థమైంది. ఓడ మునిగితే దాని జాతి పోతుంది. జాతితో పాటు ఈ శనివారాలు కూడా.

రాత్రి భోజనాల దగ్గర మెల్లగా కదిపాను. "కొంచెం చూసీ చూడనట్టు పోరాదటమ్మా? నువ్వే కదా రాసింది."

"నేను చీట్ చేస్తే ఇట్స్ నాట్ రియల్ ఎనీమోర్, నాన్నా" అంది. తప్పు నాది, శిక్ష వేయాల్సింది అది, నష్టపోయేది కూడా అదే. వారమంతా ఆఫీసులో ఏ మీటింగులో ఏం విన్నానో నాకు తెలీదు.

శనివారం వచ్చింది. పిల్లలు ఎటునుంచి దాడి చెయ్యాలా అని తల బద్దలు కొట్టుకుంటున్నారు. నా వంతు రాగానే, నేనొక్కణ్ణే చిన్న పడవలో నాయకురాలి దగ్గరికి వెళ్తున్నానన్నాను. ఆయుధం ఏంటని అడిగింది అమ్మాయి. ఆయుధం లేదు, చేపల పులుసు కుండ ఉందన్నాను. పొడుగు కుర్రాడు తల పట్టుకున్నాడు.

సభలో నిలబడి, నాతో కూర్చుని తినమని అడిగాను. నాయకురాలు వద్దంది. ఒక్క ముద్ద అన్నాను. వద్దంది. "అంకుల్, షీ సెడ్ నో" అన్నాడు కుర్రాడు. నేను వాణ్ణి పట్టించుకోకుండా మా అమ్మాయి కళ్లలోకి చూస్తూ చెప్పాను, అందరికీ తెలియాలని ఇంగ్లీషులోనే.

మా దేశంలో మొదటి వద్దు మర్యాద కోసం. రెండో వద్దు, పెట్టేవాళ్లకి మన మీద నిజంగా ప్రేముందో లేదో చూడటం కోసం. మూడోదే అసలైన వద్దు. సముద్రంలోంచి లాగినవాడి ఆచారం వాడిదేనని మీ చట్టం. అమ్మా, నేను మీ కొమ్ము వద్దన్నది ఒక్కసారే. మీరే అడగడం ఆపేశారు.

అమ్మాయి చాలాసేపు ఆలోచించింది. స్నేహితుల మొహాలు చూసింది. నాన్న కదా అని వదిలేసిందని వాళ్లు అనుకోకూడదు, దాని భయం నాకు తెలుస్తోంది. తర్వాత స్టీలు గ్లాసు తీసుకుని నా ముందుకి చాచింది. "విల్ యూ డ్రింక్?" అంది, నాయకురాలి గొంతుతో.

చెయ్యి చాచి అందుకోబోయి ఆగాను. ఇప్పుడు తీసుకుంటే నేను చెప్పిందంతా అబద్ధం. అప్పటికప్పుడు ప్రాణం మీదికొచ్చి అల్లిన కథ అవుతుంది. మా ఆచారం నిజమైతే రెండోసారి కూడా వద్దనాలి. అన్నాక, అది మూడోసారి అడగాలి. అడగాలని చట్టం లేదు. అసలు ఒకసారికి మించి ఎవర్నీ దేనికీ అడగకూడదని నాకు చెప్పిన పిల్ల అది. నా గుండె నిజంగానే కొట్టుకుంది, పేపర్ మీది ఓడ కోసం.

"వద్దులెండి" అన్నాను.

ఏమన్నానో ముగ్గురికీ తెలుగు రాకుండానే తెలిసిపోయింది. ఒకమ్మాయి కళ్లు మూసుకుంది.

గ్లాసు వెనక్కి వెళ్లలేదు.

"తాగు నాన్నా" అంది.

ఇంట్లో ఏమడిగినా ఇంగ్లీషు కలిపి జవాబిచ్చే పిల్ల. తాగాను. మజ్జిగలో ఉప్పెక్కువైంది, అయినా చుక్క మిగల్చలేదు. నాయకురాలు పడవల్ని పక్కకి జరపమంది. పగిలిన ఓడ మెల్లగా జలసంధి దాటింది. పిల్లలు బల్ల మీద అరచేతులతో తెడ్ల చప్పుడు చేశారు. పొడుగు కుర్రాడే అందరికంటే గట్టిగా కొట్టాడు. వెళ్లేటప్పుడు వచ్చే వారం ఎన్నింటికి రమ్మంటారని నన్నే అడిగాడు. కుర్రాడు మంచివాడే.

అందరూ వెళ్లాక గిన్నెలు కడుగుతున్నాం, అది కడిగితే నేను తుడుస్తున్నాను. మనసు హాయిగా ఉంది. ఎందుకో అడగాలనిపించింది.

"ఇక్కడికొచ్చిన కొత్తలో స్కూలెట్లా ఉండేదమ్మా?"

"ఫైన్, నాన్నా."

ఒక ప్లేటు తుడిచి పెట్టాను. "నిజంగా బానే ఉండేదా?"

"ఐ సెడ్ ఫైన్."

ఇంకో ప్లేటు తుడిచాను. అది కూడా పెట్టేసి, "ఎట్లా ఉండేది తల్లీ?" అన్నాను.

పంపు కట్టేసింది. నా వైపు తిరగలేదు. "లంచ్ లైబ్రరీలో తినేదాన్ని. బ్యాక్ టేబుల్ దగ్గర. ఒక్కదాన్నే. ఫస్ట్ టర్మ్ అంతా. అక్కడే కూర్చుని ఈ సాల్ట్ బ్రెయిడ్స్‌ని గీశాను. ఆ తినే లా ఉంది కదా, అది ఫస్ట్ రాశాను" అంది.

నేను నవ్విన చట్టం. తడి చేత్తోనే దాని తల మీద చెయ్యి వేశాను. ఊరుకుంది.

అన్నం ఉడికింది, పప్పుంది, పొద్దుట్నుంచీ ఆ గొడవలో నేనేమీ తినలేదు కాబట్టి విపరీతమైన ఆకలి. ప్లేట్లు తీశాను. అది మూడో ప్లేటు కూడా తీసి పక్కన పెట్టింది.

"అమ్మ వచ్చేదాకా ఆగుదామా?" అంది.

ఆగాం.