పదిన్నరకు ముందే వదిలిన బెలూన్

ఆ శుక్రవారం ఆళ్లగడ్డలో బెలూన్‌ను నేను పదింటికే వదిలాను. ఉపగ్రహం మా మీదుగా వెళ్లింది పదకొండుకు కాస్త ముందు. అడిగినప్పుడు ఈ ముక్క చెప్పలేదు. ఆ తర్వాత ఎవరూ అడగలేదు.

రెండు వేల సంవత్సరం దాటిన తొలి రోజులు. దక్షిణాన దూరంగా ఉన్న ఒక బొగ్గు విద్యుత్ కేంద్రం నుంచి గాలిలోకి ఎంత కార్బన్ పోతోందో ఉపగ్రహ చిత్రాలతో అంచనా కట్టే చిన్న పథకంలో నేనూ నా మిత్రుడూ పనిచేసేవాళ్లం. అప్పటి చిత్రాల్లో కార్బన్ నేరుగా కనిపించేది కాదు. పొగ చార కనిపించేది. దక్షిణపు గాలి ఉన్న రోజుల్లో అది మా వైపు సాగేది. చారలో ఎంత పొగ ఉందో చిత్రం చెబుతుంది. అది ఎంత వేగంగా పోతోందో గాలి చెప్పాలి. రెంటినీ హెచ్చవేస్తేనే లెక్క. గాలి తక్కువని చెబితే లెక్కలో పొగ తగ్గుతుంది, దాంతోపాటు కార్బనూ తగ్గుతుంది.

నంద్యాలలో ఒక కాలేజీ గదిలో కంప్యూటర్ ముందు కూర్చుని చిత్రాలు చూసేది మిత్రుడు. ఆళ్లగడ్డలో అద్దింటి మిద్దె మీద నుంచి ఎర్ర బెలూన్ వదిలి, అది కొట్టుకుపోయే తీరును బట్టి గాలి వేగం కొలిచేది నేను. సరిగ్గా ఉపగ్రహం వచ్చే వేళకే వదలాలి.

శుక్రవారం పదిన్నర నుంచి పన్నెండు దాకా రాహుకాలం. మిగతా రోజుల్లో ఈ చిక్కు లేదు. ఆ నెల నా భార్యకు నెలలు నిండాయి. అంతకుముందు ఒక బిడ్డ దక్కలేదు. ఇంటి యజమానురాలు, మేము అవ్వా అని పిలిచే ముసలామె, మిద్దె మెట్ల మీద నిలబడి అంది:

“ఏమప్పా, ఇంట్లో కడుపుతో ఉండే పిల్లను పెట్టుకొని రాహుకాలంలో ఏందది ఎగరేసేది? రోంత ముందే వదిల్తే ఏం పోతాది? గాలి యాడికన్నా పారిపోతాదా?”

“యాడికీ పోదులే అవ్వా,” అన్నాను. నవ్వుతూనే అన్నాను, పదింటికే వదిలేశాను. బెలూన్ నిదానంగా, దాదాపు నిటారుగా పైకి పోయింది. పదకొండు కాకముందే అవ్వ ఆరేసిన చీరలు తీగ మీద పటపట కొట్టుకోసాగాయి. వాటిని చూస్తూ కూర్చున్నాను. నంద్యాలకు రీడింగు చెప్పేటప్పుడు మాత్రం సరైన వేళకే వదిలానన్నాను.

మబ్బుల వల్ల ఆ కాలంలో చాలా చిత్రాలు పనికిరాలేదు. ఆ శుక్రవారంది మాత్రం శుభ్రంగా వచ్చింది. మిత్రుడు ఫోన్ చేశాడు.

“పొగ గీత గీసినట్టు సాగిందప్పా. నిదానం గాలికి ఇట్ల సాగదు. ఏ టైముకు వదిలినావ్?”

“టైముకే.”

“నిజంగానా?”

“నేనేమన్నా ఆడుకుంటాండానా ఈడ?”

వాడు నన్ను నమ్మాడు. చిత్రాన్ని కూడా నమ్మాడు. అందుకే నా రీడింగు పక్కన, గాలి ఇంకా ఎక్కువే ఉండాలంటూ తన అంచనా వేరే వేసి, పథకం నడిపే పెద్దసారుకు ఇచ్చాడు. నెలాఖరు సమావేశంలో పెద్దసారు వాడివైపు తిరిగి, “కొలిచినోడు ఆడుండాడు. నువ్వు నంద్యాల్లో ఫ్యాను కింద కూర్చోని గాలి కొలుస్తాండావా?” అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నోరు విప్పితే, సైన్సు చదివి రాహుకాలం చూసుకున్నాడని ఆ నవ్వు నా మీదికి మళ్లేది. అంతే కారణం. ఇంకాస్త పెద్ద కారణం ఉంటే బాగుండేదని చాలాసార్లు అనుకున్నాను.

మరుసటి ఏడాదికి వాడిని కొనసాగించలేదు. నివేదికలో నా గాలే అచ్చయింది, పొగ ఉన్నదానికంటే తక్కువగా. వాడు గడివేములలో ఒక ప్రైవేటు బడిలో చేరి నంద్యాల నుంచి రోజూ బస్సులో తిరిగాడు. నాకు కూతురు పుట్టింది, ఉద్యోగం కుదురుకుంది. కొత్త చిత్రం వచ్చినప్పుడల్లా మాత్రం, ఎంత నిద్రపోయినా తీరని అలసట.

కొన్నేళ్లకు నంద్యాల వెళ్లి, బస్టాండు దగ్గర టీ కొట్టులో వాడికి అంతా చెప్పాను.

“అంటే నా లెక్క కరెక్టే.”

“కరెక్టే.”

“రాహుకాలమా?” టీ గ్లాసు బల్ల మీద పెట్టాడు. “మేం చర్చికి పోయేవాళ్లం. మా ఇంట్లో దాని మొగం చూసినోళ్లు లేరు. అదే నన్ను ఎతుక్కుంటా వచ్చిందే.”

క్షమించమనబోతే చెయ్యి అడ్డం పెట్టాడు. “నాకొద్దులేరా. ఇంటికి రా. మా నాయనకు చెప్పు. ఆయప్ప బతుకంతా బడిలో లెక్కలు చెప్పినోడు. కొడుకు లెక్క తప్పి పని పోగొట్టుకున్యాడని ఇప్పటికీ అంటాంటాడు.”

పెద్దాయన వసారాలో కుర్చీలో ఉన్నాడు. చెవులు సరిగా వినపడవు. మొదటిసారి మెల్లగా చెప్పాను. “ఏందీ?” అన్నాడు. మిత్రుడు గోడకు ఆనుకుని చూస్తున్నాడు, సాయం రాలేదు. ఎదురింటివాళ్లు గుమ్మంలోకి వచ్చారు. వీధికంతా వినిపించేలా మళ్లీ చెప్పాను.

“సార్, ఆ పొగ లెక్కలో తప్పు నాది. గాలి కొలవాల్సిన టైముకు కొలవకుండా, కొలిచినానని అబద్ధం చెప్పినా. మీ కొడుకు లెక్క కరెక్టు. ఆ పొద్దే చెప్పాల్సింది, చెప్పలేదు. నన్ను క్షమించండి సార్.”