ఎర్ర రిబ్బన్ కట్టిన ఊపిరి

మాది కలకత్తా ఖిదిర్‌పూర్‌లో పోర్టు క్వార్టర్స్. రెండేళ్ళ క్రితం, నేను కాలేజీలో ఉండగా, విదేశీ దాతలు మా చర్చి క్లినిక్‌కి ఆక్సిజన్ మిషన్ ఒకటి పంపారు. వాళ్ళే వచ్చి ప్రారంభించాలని మా సెక్రటరీ అంకుల్ దానికి ఎర్ర రిబ్బన్ కట్టి, పైన దుప్పటి కప్పారు. మిషన్‌కి చలేస్తుందని కాబోలు.

ఒక ఆదివారం ఆరాధన మధ్యలో మా మామ్మకి ఆయాసం ఎక్కువై పెదాలు నీలంగా మారాయి. ఎత్తుకుని పక్కనున్న క్లినిక్‌లోకి పరిగెత్తాను. నర్సు దీదీ దుప్పటి తీయబోతే అంకుల్ అడ్డం నిలబడ్డారు.

"ఆగండి! దాతలు వచ్చే నెల వస్తన్నారు. ఆళ్ళకేటి సెప్పాల?"

"అందాకా మామ్మని ఊపిరి బిగబట్టమంటారేటి?" అని అరిచి, రిబ్బన్ని పళ్ళతో తెంపేశాను. ప్రారంభోత్సవం కత్తెర ఆయన బీరువాలో భద్రంగా ఉంది మరి.

దీదీ మిషన్ ఆన్ చేసి మామ్మ ముక్కుకి గొట్టం పెట్టింది. కాసేపటికి మామ్మ కళ్ళు తెరిచింది.

"మంచి రిబ్బన్ పాడైపోనాదిరా," అన్నారు అంకుల్.

మరుసటి నెల అదే మిషన్‌కి కొత్త రిబ్బన్ కట్టి దాతల చేత కత్తిరింపించారు. ముందు వరుసలో మామ్మ చప్పట్లు కొట్టింది. నేను కొట్టలేదు. ఇచ్చినవాళ్ళ మీద నాకు కోపం లేదు, ఊపిరికి ముహూర్తం పెట్టినవాళ్ళ మీదే. ఎర్ర రిబ్బన్ కనిపిస్తే ఇప్పటికీ పళ్ళు నూరుతాను.