బొమ్మ కింది పీట

మేముండేది కొత్తగూడెంలో, గని కార్మికుల క్వార్టర్స్‌లో. మా ఆయన గనిలో ఎలక్ట్రీషియన్. నేను ఒక ప్రైవేటు బడిలో డ్రాయింగ్ టీచర్ని. బడి నుంచి వచ్చాక క్వార్టర్ వెనక రేకుల షెడ్డులో మట్టితో, సిమెంటుతో బొమ్మలు చేస్తాను. పెళ్లయిన కొత్తలో నేల మీద కూర్చుని చేసేదాన్ని. నడుం పట్టేసిందని రోజూ సణుగుతుంటే వినలేక ఆయన ఒక సెలవు రోజున నాకో ఎత్తైన పీట చేసిపెట్టాడు. కూల్చేసిన పెంకుటింటి దూలం ముక్కలతో మూడు కాళ్లు, పైన ఒక చెక్క పలక, రెంటికీ మధ్య పాత లారీ బేరింగు. పలకను తోస్తే బొమ్మే తిరుగుతుంది, దాని చుట్టూ నేను తిరగక్కర్లేదు. ఒక కాలు పొట్టిదైతే కింద రబ్బరు ముక్క కొట్టాడు. అందం సంగతి ఆయనా ఆలోచించలేదు, నేనూ అడగలేదు.

ఆ పీట మీద చాలా బొమ్మలు చేశాను. వాటిలో నాకిష్టమైనది మా అత్త తల. ముక్కు అంత లావుగా ఉండదని ఆమె ఇప్పటికీ నాతో పోట్లాడుతుంది.

ఇన్‌స్టాగ్రామ్‌లో నా బొమ్మల ఫోటోలు చూసి హైదరాబాదులో గ్యాలరీ నడిపే ఒకావిడ ఫోన్ చేసింది. కుటుంబంతో భద్రాచలం దర్శనానికి వస్తున్నామని, దారిలో ఆగుతానని చెప్పింది. నేను షెడ్డు ఊడ్చి, బొమ్మలన్నీ కడిగి వరసగా పెట్టాను. పీట నిండా సిమెంటు మరకలు. సిగ్గనిపించి, దాని మీద దుప్పటి కప్పి, పైన అత్త తల పెట్టాను.

ఆవిడ ప్రతి బొమ్మ ముందూ ఆగింది. "మీ పనిలో చాలా నిజాయితీ ఉందండీ" అంది. పొంగిపోయాను. చెప్పడానికి ఇంకేమీ దొరకనప్పుడు ఆ మాట వాడతారని తర్వాత తెలిసింది. ఆ తర్వాత దుప్పటి అంచు ఎత్తి చూసి, పట్టుచీరతోనే మోకాళ్ల మీద కూర్చుంది.

"ఇది ఎవరు చేశారు?"

మా ఆయన అని చెప్పాను. నైట్ షిఫ్ట్ చేసొచ్చి పడుకున్న మనిషిని లేపుకొచ్చాను. లుంగీతోనే వచ్చాడు. ఈ ఆలోచన ఎలా వచ్చిందని ఆవిడ అడిగింది.

"ఈమెకు నడుం నొస్తదంటే చేసిన మేడమ్" అన్నాడు.

ఆవిడ కాసేపు కళ్లు మూసుకుంది. అత్త తలను దించమని నన్నే అడిగింది. దించి నేల మీద పెట్టాను.

హైదరాబాదులో ఏటా జరిగే ఆర్ట్ ఫెయిర్‌లో వాళ్లకొక స్టాల్ ఉంటుందట. అటు ఫర్నిచరూ ఇటు శిల్పమూ కాని వస్తువులను అక్కడ పెడతారట. వాటిని కొనేవాళ్లు వాడుకోవడానికి కాదు, దాచుకోవడానికి కొంటారట. పీటతో పాటు నా బొమ్మ కూడా ఒకటి పైన పెట్టొచ్చు కదా అన్నాను. ఖాళీగా ఉంటేనే అది మాట్లాడుతుందని ఆవిడ మెత్తగా చెప్పింది.

మా ఆయన నన్ను పక్కకు పిలిచాడు. "నీ పని ఆగుతది గద. వద్దని చెప్త" అన్నాడు. పంపుదామని పట్టుబట్టింది నేనే. మా షెడ్డు నుంచి ఏదో ఒకటి అంత దూరం వెళ్తుందన్న గొప్ప కొంత ఉంది. ఉక్రోషం కూడా ఉంది.

ఫెయిర్‌కు ఇద్దరం వెళ్లాం. తెల్లటి గోడలు, చల్లటి ఏసీ, ఎవరూ కూర్చోలేని కుర్చీ ఒకటి, వెలుతురివ్వని దీపం ఒకటి. వాటి మధ్య తెల్లని దిమ్మె మీద మా పీట. గోడ మీద మా ఆయన పేరు. సిమెంటు మరకలను 'కాలం వదిలిన గుర్తులు' అని రాశారు. అవి అత్త గడ్డం సరిచేస్తుంటే నా చేతిలోంచి రాలినవి. నన్ను అందరికీ ఆర్టిస్టుగారి భార్య అని పరిచయం చేశారు.

తెల్ల చొక్కా పెద్దమనిషి ఒకాయన ఈ కృతి దేని గురించని మా ఆయనను అడిగాడు. ఈయన నా వైపు చూసి, "బరువు ఆపుతది సార్" అన్నాడు. ఆ పెద్దమనిషి చాలాసేపు తల ఊపాడు. సాయంత్రానికి ఆ మాట స్టాల్ అంతా తిరిగింది. మర్నాటికి మా ఆయన దాన్ని పెంచాడు. బరువు ఆపుతది అని ఆగి, ఎటో చూసి, "కానీ తిరుగుతది" అనడం మొదలుపెట్టాడు. మధ్యలో ఆ ఆగడం ఎందుకని అడిగాను.

"వాళ్లకు ఎక్కాలె గద" అన్నాడు.

చూడ్డానికొచ్చిన ఒకావిడ మాత్రం దీని మీద ఏం పెడతారని అడిగింది. నేను చేసే బొమ్మలు అన్నాను. "మీరు కూడానా?" అంది. ఫోన్‌లో అత్త తల చూపించాను. "ఎవరండీ ఈమె? ఎవరి మీదో కోపంగా ఉన్నారు" అంది. నా మీదేనని చెప్పాను. ఆవిడ నవ్వి, ఫోటోను పెద్దది చేసుకుని మళ్లీ చూసింది. ఆ హాలులో నా పనిని చూసిన మనిషి ఆవిడొక్కతే.

ఆఖరి రోజు పీట అమ్ముడుపోయింది. మేము ఇంటికొచ్చాం. మా ఆయన నాకు కొత్త పీట మొదలుపెట్టాడు. మొదటిది ఒక్క రోజులో అయింది, ఇది ఓ పట్టాన తెమలలేదు. చివరికి తయారైతే, తలో దిక్కుకు వంగిన కాళ్లు, పలక మధ్యలో ఒక రంధ్రం. రంధ్రం ఎందుకని అడిగితే, "ఈసారి జర ఆలోచించి చేసిన" అన్నాడు. మట్టి ముద్ద పెట్టగానే పక్కకు ఒరిగింది. నేను నవ్వాను, ఆయన నవ్వలేదు. ఫోటో తీసి గ్యాలరీ ఆవిడకు పంపాడు. మొదటిదానిలో ఉన్న అమాయకత్వం ఇందులో లేదని ఆవిడ జవాబు పెట్టింది.

ఆయన అన్నం ముందు కూర్చుని కలుపుతూనే ఉన్నాడు. అంత కష్టపడితే అట్ల అంటదా అన్నాడు. ఆ బాధ నాకు కొత్త కాదు. ఆ పూట మేమిద్దరం, మొదటిసారి, ఒకే పని చేసే మనుషుల్లా ఎదురెదురుగా కూర్చుని ఆవిడను తనివితీరా తిట్టుకున్నాం.

చేయి కడుక్కొచ్చి ఆయన టేపు తీశాడు. "నీకు ఎంత ఎత్తు గావాలె, నిలబడు" అన్నాడు. నిలబడి మోచేయి వంచి చూపించాను. కొలుచుకున్నాడు. వచ్చే సెలవుకే పీట తయారైంది. దాని ఫోటో ఎవరికీ పంపలేదు.